మంచం కింది నుంచి బయటకు రాని కుక్క: రాయగడ నుంచి వచ్చిన ప్రశ్నకు సమాధానం

అమ్మా, కొత్తగా కడుతున్న ఒక భవనం దగ్గర కాపలాదారు పెట్టే అన్నం తిని పెరిగిన ఏడెనిమిది నెలల ఆడకుక్కను ఇంటికి తెచ్చుకుని నాలుగు రోజులైందని మీరు రాశారు. అది నడవలోని మంచం కింద, బియ్యం బస్తాల వెనుక దూరి పగలంతా బయటకు రావడం లేదనీ, మీవారు డ్యూటీ నుంచి వచ్చి పలకరించగానే ఉన్నచోటే మూత్రం పోస్తోందనీ, రాత్రిళ్లు ఏడుస్తోందనీ, చిన్నబ్బాయి ఎత్తుకోబోతే గుర్రుమందనీ చెప్పారు. అత్తగారికి పూజగది విషయంలో పట్టింపు ఉందని, చుట్టాలు మాత్రం "గొలుసుతో గుమ్మానికి కట్టేయండి, వారంలో దారికొస్తుంది" అంటున్నారని కూడా రాసి, టీకాలూ ఆపరేషనూ ఎప్పుడు చేయించాలని అడిగారు. నేను గుణుపురం, రాయగడ ప్రాంతాల్లో చాలాకాలం పశువైద్య సిబ్బందిలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మా ఇంట్లో ఎప్పుడూ వీధిలో పుట్టిన కుక్కలే పెరిగాయి కనుక, ఈ విషయంలో నాకు తెలిసినదంతా వరుసగా రాస్తాను.

ముందుగా ఒక మాట. మీరు రాసిన లక్షణాల్లో ఒక్కటి కూడా పొగరు కాదు, మొండితనం కాదు. అన్నీ భయం తాలూకు లక్షణాలే. కుక్కపిల్లకు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగో వారం దాకా లోకాన్ని జంకు లేకుండా పరిచయం చేసుకునే వయసు. ఆ రోజుల్లో చూసినవాటిని అది మామూలు విషయాలుగా తీసుకుంటుంది, చూడనివాటిని చూసి ఆ తరువాత బెదురుతుంది. మీ కుక్క ఆ వయసంతా ఇసుక గుట్టల మీదా కంకర కుప్పల మీదా గడిపింది. లారీ చప్పుడు, రైలు కూత దానికి లెక్కలేదు. కాని తలమీద తిరిగే పంకా, కుక్కరు ఈల, మిక్సీ, తలుపు మూసుకోవడం, నున్నటి నేల, నాలుగు గోడల మధ్య ఆరుగురు మనుషులు దానికి పూర్తిగా కొత్త. ఇంటికి వచ్చింది కదా, సుఖంగా ఉంది కదా అని మనం అనుకుంటాం. దానికి మాత్రం తెలిసిన చోటు పోయింది, తెలిసిన వాసనలు పోయాయి, పారిపోయే దారి కూడా పోయింది. ఈ మొదటి వారాల్లో దానికి ఏదైనా నేర్పాలన్న ఆలోచన పక్కన పెట్టండి. రేపు ఏం జరుగుతుందో అది ఈరోజే ఊహించగలిగేలా ఇంటి నడకను ఒకే తీరుగా ఉంచడమే మీ పని. తక్కినవన్నీ దాని వెనుకే వస్తాయి.

మంచం కింద నుంచి దాన్ని బయటకు లాగకండి. చీపురుతో తోయడం, పట్టీ పట్టుకుని ఈడ్చడం, మంచం ఎత్తి పక్కకు జరపడం, ఇవన్నీ "నేను దాక్కున్న చోటు కూడా నాది కాదు" అని దానికి చెప్పడమే అవుతాయి. ఆ తరువాత అది దాక్కోవడం మానేసి కరవడం మొదలుపెట్టవచ్చు. దానికి నచ్చిన ఆ మూలనే దాని స్థలంగా ఒప్పేసుకోండి. బస్తాలను కొంచెం జరిపి ఒక పాత దుప్పటి మడిచి పరచండి. వీలైతే అది ఇదివరకు పడుకున్న గోనె సంచినో, కాపలాదారు ఇచ్చే ఏదైనా గుడ్డనో ఉతకకుండా తెచ్చి వేయండి, తెలిసిన వాసన దానికి ఊరట. నీళ్ల గిన్నె దగ్గరలోనే ఉండాలి. ఇంట్లో నున్నటి టైల్స్ ఉంటే, మంచం నుంచి పెరటి గుమ్మం దాకా పాత గోనె సంచులు వరుసగా పరిచి చూడండి. నేలమీద కాళ్లు జారడం వల్లనే చాలా వీధి కుక్కలు మూల వదలవు. అది మొండితనమని ఇంటివాళ్లు నెలల తరబడి అనుకుంటూ ఉంటారు. గోనె మీద గోళ్లకు పట్టు దొరుకుతుంది, నడక మొదలవుతుంది.

పగలంతా పడుకుంటోందని కూడా బెంగపడకండి. ఆ వయసు కుక్క రోజులో 14 నుంచి 18 గంటలు నిద్రపోవడం మామూలే. కొత్తచోట మొదటి రోజుల్లో నిద్ర సరిగా పట్టక, పట్టిన కాస్త నిద్ర కూడా పిల్లల కేకలకు చెదిరి, అలసట వల్లనే కొన్ని కుక్కలు చిరచిరలాడతాయి. మధ్యాహ్నం రెండు గంటల పాటు ఆ నడవలోకి ఎవరూ వెళ్లకూడదన్న నియమం పెట్టి, టీవీ గొంతు తగ్గించి చూడండి. తేడా మీకే కనబడుతుంది.

ఇక తిండి. నాలుగు రోజులుగా మనుషులు చూస్తుండగా తినడం లేదని, తెల్లవారి చూస్తే గిన్నె ఖాళీగా ఉంటోందని రాశారు. అంటే ఆకలి ఉంది, ధైర్యం లేదు. ఇది మంచి సూచనే. గిన్నె పెట్టి వెంటనే అక్కడినుంచి వెళ్లిపోండి. రెండు మూడు రోజులయ్యాక గది చివర కూర్చుని, అటు చూడకుండా, ఉడికించిన గుడ్డు ముక్కలో ఎముకలు తీసిన కోడిమాంసం ముక్కలో దాని వైపు మెల్లగా విసరండి. దూరం తగ్గించే పని దానికే వదిలేయండి, మీరు జరగవద్దు. అది మీ దగ్గరికి వచ్చిన రోజున కూడా చటుక్కున పట్టుకుంటే అప్పటిదాకా పడ్డ శ్రమంతా పోతుంది. చేతిలో ముక్క తిని వెనక్కి వెళ్లిపోవచ్చునని దానికి తెలియాలి. వెళ్లిపోగలనన్న నమ్మకం ఉంటేనే మళ్లీ వస్తుంది.

ఏం పెట్టాలన్నదానికి నా సలహా: మొదటి వారం అది ఇదివరకు తిన్నదే పెట్టండి. కాపలాదారు అన్నమూ పప్పూ పెట్టేవాడైతే అవే, ఉప్పూ కారమూ లేకుండా. ఆ తరువాత ఏడు నుంచి పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చుకుంటూ అన్నంలో గుడ్డు, మాంసం, ఉడికించిన గుమ్మడి కలపండి. వట్టి అన్నమూ మజ్జిగా పెరిగే కుక్కకు చాలవు. చోడి (రాగి) అంబలి ఉప్పు లేకుండా చల్లార్చి పెడితే ఇష్టంగా తాగుతాయి. మన ఇళ్లలో ఉదయం మిగిలే చద్దన్నమూ తరవాణీ ఉల్లిపాయ, మిరపకాయ తగలకముందు తీస్తే కొంచెం పెట్టవచ్చు, అదే భోజనంగా మాత్రం సరిపెట్టకండి. పాలు చాలా కుక్కలకు అరగవు, విరేచనాలవుతాయి. ఉల్లి, వెల్లుల్లి ఏ రూపంలోనూ పెట్టకూడదు, అవి రక్తకణాలను దెబ్బతీస్తాయి. కనుక సాంబారు, మసాలా కూర కలిపిన అన్నం పనికిరాదు. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలకు ప్రమాదం. పిల్లలు ప్రసాదం లడ్డూ, పాయసం ప్రేమతో పెట్టేస్తారు, అందుకే ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. చాక్లెట్టు విషం. ఉడికిన కోడి ఎముకలు చీలికలై పేగుల్లో గుచ్చుకుంటాయి. ఎండు చేపలో ఉప్పు ఎక్కువ. ఈ వయసులో రోజుకు రెండు మూడు సార్లు, రోజూ అవే వేళలకు పెట్టండి. మీరుండగా తినడం మొదలయ్యాక, తిన్నా తినకపోయినా అరగంటలో గిన్నె తీసేయండి. తినే వేళ తప్పనిదైతే విసర్జన వేళ కూడా తప్పదు, ఇల్లు శుభ్రంగా ఉంచుకునే పనిలో అదే సగం.

మీవారి సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో అందరికంటే ఎక్కువ బాధపడుతున్నది ఆయనేనని మీ మాటల్లో తెలుస్తోంది. పలకరించగానే మూత్రం పోయడం ఇంటి శుభ్రత తెలియకపోవడం కాదు. ఎదుటివాడు పెద్దవాడు, నేను చిన్నదాన్ని, నన్నేమీ చేయకు అని కుక్క తన జాతి భాషలో చెప్పుకునే తీరు అది. తెలిసి చేసేది కాదు, ఆపుకోగలిగేదీ కాదు. కట్టడాల దగ్గర కర్ర పట్టుకుని, బూట్లు వేసుకుని అదిలించే మగవాళ్లను అది చూసే ఉంటుంది. డ్యూటీ బూట్లతో, గంభీరమైన గొంతుతో, ఎత్తయిన మనిషి నేరుగా వచ్చి తలమీద చెయ్యి పెట్టబోతే దానికి పాత భయం గుర్తుకు వస్తుంది. అందుకు మందలిస్తే భయం పెరుగుతుంది, భయం పెరిగితే మూత్రమూ పెరుగుతుంది. ఆయన ఇంట్లోకి రాగానే దానివైపు చూడకుండా, పలకరించకుండా, బూట్లు విప్పి కాళ్లు కడుక్కుని, ఒక పక్కకు తిరిగి నేలమీద కూర్చోవాలి. చేతిలో గుడ్డు ముక్క ఉంచుకుని ఒళ్లో కాకుండా పక్కన నేలమీద పెట్టాలి. అది వచ్చి వాసన చూసినా చెయ్యి చాపకూడదు. కొన్నాళ్లకు అదే చేతిని వాసన చూస్తుంది, అప్పుడు గదమ కింద మాత్రం వేళ్లతో నిమరవచ్చు. వంగి తలమీద చెయ్యి వేయడం మనకు ఆశీర్వాదం, దానికి మాత్రం పైనుంచి పడే దెబ్బ. రోజూ సాయంత్రం భోజనం గిన్నె ఆయన చేత్తోనే పెట్టించండి. ఈ రకం మూత్రం ధైర్యంతోపాటు, వయసుతోపాటు తగ్గిపోతుంది. తగ్గకపోయినా, పడుకున్నచోట తెలియకుండా తడిపేస్తున్నా మూత్రపిండాల, మూత్రాశయ సమస్య ఉందేమో డాక్టరుకు చూపించాలి.

అసలైన ఇంటి శుభ్రత శిక్షణ దీనికి భిన్నమైనది. నిద్ర లేవగానే, తినగానే, ఆట ముగియగానే, పడుకునే ముందు, ఈ నాలుగు వేళలూ కాక పగలు రెండు మూడు గంటలకొకసారి పెరట్లో ఒకే చోటికి తీసుకువెళ్లాలి. పని అయిన ఆ క్షణంలోనే, ఇంట్లోకి వచ్చాక కాదు, ఒక చిన్న ముక్క నోటికివ్వాలి. పెరటి మట్టి, గడ్డి వీధిలో పెరిగిన కుక్కకు తెలిసిన నేలే కనుక ఈ విషయంలో అవి దుకాణంలో కొన్న కుక్కపిల్లల కంటే త్వరగా నేర్చుకుంటాయని నా అనుభవం. ఇంట్లో తప్పు జరిగితే అరవకుండా తుడిచేయండి. ముక్కు దాంట్లో రుద్దడం, చెప్పుతో కొట్టడం వల్ల అది నేర్చుకునేది ఒక్కటే, మనుషులు చూస్తుండగా మూత్రం పోయకూడదని. ఆ తరువాత మంచం వెనుక, బస్తాల చాటున పోస్తుంది. తుడిచేటప్పుడు సబ్బు నీళ్లతో కడిగి, తరువాత నీళ్లు కలిపిన వెనిగర్‌తో తుడిచి వాసన పోగొట్టాలి, వాసన మిగిలితే అదే చోటికి మళ్లీ వస్తుంది. ఘాటైన నల్ల ఫినాయిల్ అది పాదాలు పెట్టి నాకే నేలమీద వాడకండి.

అత్తగారి మాటను తేలిగ్గా తీసిపారేయవద్దని నా మనవి. ఇంట్లో ఒక పెద్దావిడ ముఖం ముడుచుకుని ఉంటే, ఆ ఇంట్లో కుక్కకు రోజూ రెండు రకాల కబుర్లు అందుతాయి. ఒకరు రమ్మంటారు, ఒకరు ఛీ అంటారు. పూజగదికీ వంటగదికీ గుమ్మం దగ్గర మోకాలెత్తు చెక్కను అడ్డంగా బిగించండి. మొదటి రోజు నుంచీ ఆ గీత దాటనివ్వకపోతే, కొన్ని నెలల తరువాత చెక్క తీసినా గుమ్మం దగ్గరే ఆగే కుక్కలను నేను చూశాను. ఈరోజు ముద్దొచ్చి లోపలికి రానిచ్చి, రేపు పండగ రోజున కసిరితే అది దాని తప్పు కాదు. తులసికోట చుట్టూ, వాకిట్లో ముగ్గు వేసే చోట విసర్జనకు అలవాటు పడకుండా పెరటి చోటు వేరుగా ముందే చూపిస్తే ఆవిడకూ నిశ్చింత. మా ఊళ్లో కుక్కను గడప తొక్కనివ్వనన్న పెద్దవాళ్లే ఏడాది తిరిగేసరికి దాని అన్నం చల్లారిందా అని వాకబు చేయడం ఎన్నోసార్లు చూశాను. ఆ మార్పు మన వాదనలతో వచ్చినది మాత్రం కాదు.

ఇంట్లో అందరూ ఒకే పేరుతో, ఒకే మాటతో పిలవాలి. రాయగడ ఇళ్లలో తెలుగూ ఒడియా రెండూ వినబడతాయి. ఒకరు "రా" అని, ఒకరు "ఆ" అని, పిల్లలు ఇంగ్లీషులో పిలిస్తే దానికి ఏదీ పట్టుబడదు. కాపలాదారు దాన్ని ఏ చప్పుడుతో అన్నానికి పిలిచేవాడో కనుక్కుని కొన్నాళ్లు అదే వాడండి, దానికి ఇప్పటికే తెలిసిన మంచి కబురు అది.

రాత్రి ఏడుపు గురించి. గుంపులో పడుకున్న కుక్కను ఒంటరిగా పడుకోబెట్టాం, అందుకే ఏడుస్తోంది. బాత్రూములో పెట్టి తలుపు వేయడం, పెరట్లో గొలుసుకు కట్టడం చేస్తే ఏడుపు కొన్నాళ్లకు ఆగవచ్చు గాని భయం ఆగదు. మొదటి వారం పది రోజులు మీలో ఒకరు అదే నడవలో, దానికి రెండు మూడు మూరల దూరంలో పడక వేసుకోండి. మాట్లాడనక్కర లేదు, మీ ఊపిరి చప్పుడు చాలు. ఏడిస్తే వెళ్లి ఎత్తుకోవద్దు, అలాగని పట్టించుకోకుండానూ ఉండవద్దు. అర్ధరాత్రి ఒకసారి లైటు పెద్దగా వేయకుండా, ఆడించకుండా పెరట్లోకి తీసుకెళ్లి తీసుకురండి, కొన్నిసార్లు ఏడుపుకు అసలు కారణం మూత్రమే. ఆ తరువాత మీ పడకను రోజుకు కొంచెం చొప్పున మీ గదివైపు జరుపుకోవచ్చు.

చుట్టాలు చెప్పే గొలుసు విషయంలో నేను గట్టిగానే విభేదిస్తాను. గుమ్మానికి కట్టిన కుక్క వచ్చేపోయే ప్రతి మనిషినీ తప్పించుకోలేక చూస్తుంది. పారిపోవడానికి దారి లేనప్పుడు ఏ జంతువైనా ఎదురు తిరుగుతుంది. ఏడాదికల్లా పాలబ్బాయినీ పోస్ట్‌మన్‌నూ కరిచే కుక్కలు ఇలాగే తయారవుతాయి, దాన్ని చూసి "మంచి కాపలా కుక్క" అని మురిసేవాళ్లూ ఉంటారు. కాని ఈ మొదటి నెలలో అది పారిపోయే ప్రమాదం మాత్రం నిజమే. కొత్తగా తెచ్చిన కుక్కలు తెరిచిన గేటు చూసి, బాణాసంచాకో ఉరుముకో బెదిరి పరుగుతీస్తాయి. పాత చోటు దగ్గరే అయితే నేరుగా అక్కడికే పోతాయి. వీధి గుమ్మం, గేటు రెండూ ఒకేసారి తెరిచి ఉండకుండా చూడండి. మెడ పట్టీ రెండు వేళ్లు దూరేంత వదులుగా ఉండాలి, అంతకంటే వదులైతే వెనక్కి గుంజుకుని తల తీసేసుకుంటుంది. బయటకు తీసుకెళ్లే రోజున పట్టీతోపాటు ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ కూడా వేసి, తాడు రెంటికీ తగిలించండి. దాని మీద మీ ఫోను నంబరు రాసిన బిళ్ల ఉండాలి. మొదటి పది పదిహేను రోజులు పెరడు చాలు, వీధి నడక అక్కరలేదు. పైగా మీ వీధి కుక్కలకు ఇది పరాయి ఊరిది, మీదపడతాయి. ఒకవేళ తప్పించుకుపోతే వెంటపడి పరుగెత్తకండి. పక్కకు తిరిగి కూర్చుని తిండి చూపండి, దాని దుప్పటి గేటు బయట వేయండి, కాపలాదారుకు కబురు పంపండి.

పిల్లల విషయం మీ ప్రశ్నలో చిన్న వాక్యంగా వచ్చింది గాని, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే. గుర్రుమన్నందుకు దాన్ని కొట్టవద్దు. గుర్రుమనడం హెచ్చరిక, కరవకుండా ఉండటానికి అది చేసిన ప్రయత్నం. కొట్టి ఆ హెచ్చరికను మాన్పిస్తే ఈసారి చెప్పకుండా కరుస్తుంది. గుర్రుమనడానికి ముందు కూడా అది చాలా చెప్పి ఉంటుంది. తల పక్కకు తిప్పుకోవడం, నిద్ర రాకపోయినా ఆవులించడం, పెదాలు నాక్కోవడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం, తోక కడుపు కిందికి ముడవడం, ఒళ్లంతా ఒక్కసారి బిగుసుకుపోవడం. ఇవన్నీ పెద్దబ్బాయికి నేర్పండి, పదేళ్ల పిల్లవాడు ఇట్టే పట్టేస్తాడు, చిన్నవాడికి వాడే చెబుతాడు. నియమాలు మాత్రం ఇద్దరికీ ఒకటే: మంచం కింద ఉన్నప్పుడు, తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు తాకకూడదు. ఎత్తుకోకూడదు, కౌగిలించుకోకూడదు, ముఖంలో ముఖం పెట్టకూడదు. అదే దగ్గరికి వస్తే నాలుగైదు క్షణాలు నిమిరి చెయ్యి తీసేయాలి. ఇంకా కావాలంటే ముక్కుతో తోస్తుంది, వద్దనుకుంటే వెళ్లిపోతుంది. పిల్లలు దానికి కొంచెం దూరంగా కూర్చుని పాఠాలు పైకి చదువుకోవడం నేను చాలా ఇళ్లలో చేయించాను. దాని మీద ఎవరి దృష్టీ లేకుండా పిల్లల గొంతులు వినబడటం దానికి అలవాటవుతుంది, పిల్లల చదువుకూ నష్టం లేదు. పెద్దవాళ్లు గదిలో లేనప్పుడు ఆరేళ్ల పిల్లవాణ్ణీ ఈ కుక్కనూ కొన్ని నెలల దాకా ఒంటరిగా వదలవద్దు.

ఎన్ని జాగ్రత్తలు పడ్డా పన్ను గీసుకుపోతే ఏం చేయాలో ఇంట్లో అందరికీ ముందే తెలియాలి. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. కారం, పసుపు, సున్నం, ఆకు పసర్లు పెట్టకూడదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజును సున్నాగా లెక్కించి 0, 3, 7, 28 రోజుల్లో ఇస్తారు. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను వెంటనే ఎదుర్కొనే మందు) కూడా అవసరమవుతుంది, అది అడగండి. కుక్కను పది రోజులు గమనించమని డాక్టర్లు చెబుతారు, ఆ గమనింపు టీకాకు బదులు కాదు. తిడతారని పిల్లలు గీతలు దాచేస్తారు. కనుక చెబితే ఎవరూ కోప్పడరని, కుక్కను వదిలేయరని వాళ్లకు ఇప్పుడే మాట ఇవ్వండి.

పశువుల ఆసుపత్రికి ఎప్పుడన్నారు. అది తింటూ, నీళ్లు తాగుతూ, మామూలుగా విసర్జిస్తూ ఉంటే ఈ వారం చివర తీసుకెళ్లండి, ఈరోజే బలవంతంగా ఈడ్చుకెళ్లనక్కర లేదు. కాని ఒక రోజంతా నీళ్లు ముట్టకపోయినా, వాంతులూ రక్త విరేచనాలూ అయినా, చిగుళ్లు తెల్లగా పాలిపోయినా, జ్వరం ఉన్నా ఆ రోజే వెళ్లాలి. కుక్క ఒంటి వేడి మామూలుగానే సుమారు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది కనుక, చెయ్యి పెట్టి చూసి జ్వరమనుకోవద్దు. రక్త విరేచనాలంటే పార్వో అనే వైరస్ జబ్బు అనుకోవాలి, టీకా పడని చిన్న కుక్కలను అది రెండు మూడు రోజుల్లో తీసుకుపోగలదు, ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. దీని గతం మనకు తెలియదు కనుక డాక్టరు అన్నీ మొదటినుంచి వేస్తారు. పార్వో, డిస్టెంపరు వంటివాటికి కలిపి వేసే టీకా మూడు నాలుగు వారాల ఎడంతో, రేబిస్ టీకా వేరుగా, ఆపైన డాక్టరు చెప్పిన గడువుల్లో. నట్టల మందు బరువును బట్టి ఇవ్వాలి. ఈ వానల్లో గోమార్లు విపరీతంగా పడతాయి, చెవుల లోపల, వేళ్ల సందుల్లో రోజూ చూడండి. అవి రక్తం తాగడమే కాదు, ఎర్లికియా, బెబీసియా అనే జబ్బులను ఎక్కిస్తాయి. చిగుళ్లు పాలిపోవడానికి మన ప్రాంతంలో నేను చూసిన ముఖ్య కారణాల్లో అవి ఉన్నాయి. కిరసనాయిల్ రాయడం మన పక్క పాత అలవాటు, చర్మం కాలిపోతుంది, నాకితే కడుపులోకి పోతుంది, దయచేసి చేయవద్దు. ఆవులకు తెచ్చిన మందు కొలత తెలియకుండా ఇవ్వడం, మన పారాసిటమాల్, బ్రూఫెన్ మాత్రలు వేయడం కూడా ప్రాణం మీదికి తెస్తాయి.

ఇంటి చప్పుళ్లకు అలవాటు చేసేటప్పుడు భోజనం వేళను వాడుకోండి. కుక్కరు ఈల వేసే వేళకే దూరపు గదిలో దానికి ఇష్టమైన ముక్కలు పెడితే, కొన్నాళ్లకు ఈల వినగానే గిన్నె వైపు చూస్తుంది. పెళ్లి బ్యాండు, మజ్జిగౌరమ్మ చైత్ర జాతర, దీపావళి రోజుల్లో మాత్రం ఇది సరిపోదు. ఆ సాయంత్రాలు తొందరగా పెరట్లోకి తీసుకెళ్లి వచ్చి, లోపలి గదిలో కిటికీలు మూసి, పంకా వేసి, మీలో ఒకరు దగ్గర కూర్చోండి. భయపడే కుక్కను ఓదారిస్తే భయం ఎక్కువవుతుందన్న మాట చాలామంది నమ్ముతారు, అది నిజం కాదు. వచ్చి మీ కాళ్లకు ఆనుకుంటే ఆనుకోనివ్వండి. ఒంటరితనం కూడా మెల్లగా అలవాటు చేయాలి. ఇంత మంది ఉన్న ఇంట్లో అది ఎప్పుడూ ఒంటరిగా ఉండదు, తరువాత ఎప్పుడో అందరూ పార్వతీపురమో బొబ్బిలో పెళ్లికి బయలుదేరిన రోజున తలుపు చెక్కలు కొరికేస్తుంది. కుదురుకున్నాక రెండు నిమిషాలు, అయిదు నిమిషాలు, పావుగంట చొప్పున ఇల్లు వదిలి వచ్చి, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ హడావుడి చేయకుండా ఉంటే చాలు.

ఇదంతా ఎన్నాళ్లన్నదానికి లెక్క కట్టిన జవాబు లేదు. మూడు రోజులకు తిండి, మూడు వారాలకు ఇంటి పద్ధతి, మూడు నెలలకు మనుషుల మీద నమ్మకం అని ఒక ఉజ్జాయింపు మాట కుక్కలు పెంచేవాళ్లలో ఉంది. వీధిలో ఇన్ని నెలలు పెరిగినదానికి ఇంకొంచెం ఎక్కువే అనుకోండి. మధ్యలో వెనకడుగు వేసే రోజులుంటాయి, ముఖ్యంగా ఇంటికి చుట్టాలు వచ్చిన మర్నాడు. అందుకు కంగారు పడనక్కర లేదు. నెల దాటినా మనుషులున్న గదిలో తినకపోతే, గుర్రుమనడం దాటి మీదికి దూకుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా విశాఖపట్నమో బరంపురమో వెళ్లి కుక్కల ప్రవర్తన తెలిసిన డాక్టరును కలవండి.

చివరిగా ఆపరేషను. ఆడకుక్క సాధారణంగా ఆరు నెలలకూ ఏడాదికీ మధ్య మొదటిసారి ఎదకు వస్తుంది, చూలు సుమారు 63 రోజులు. మీది ఆ వయసులోనే ఉంది కనుక ఈ రెండు మూడు నెలలు పెరటి గోడనూ గేటునూ ఇంకాస్త జాగ్రత్తగా చూసుకోండి, ఎదలో ఉన్న కుక్క కోసం మగకుక్కలు గోడలు దూకుతాయి. అంతకంటే ముందు దాని చెవి కొస చూడండి. జంతు జనన నియంత్రణ నియమాల కింద ఆపరేషను చేసిన వీధి కుక్కలకు గుర్తుగా చెవి కొసను కొంచెం కత్తిరిస్తారు. అలా ఉంటే ఇప్పటికే అయిపోయినట్లే. లేకపోతే టీకాలు పూర్తయి, బరువు పట్టి, మీ చేతుల్లో నిమ్మళంగా నిలబడటం అలవాటైన తరువాత, ఎదకు రాకముందు గాని, వచ్చి వెళ్లిన రెండు మూడు నెలలకు గాని చేయించండి. ఎదలో ఉన్నప్పుడు రక్తస్రావం ఎక్కువ కనుక డాక్టర్లు వాయిదా వేస్తారు. ఆపరేషను తరువాత పది పన్నెండు రోజులు కుట్లు నాకకుండా మెడకు గరాటులాంటి పట్టీ వేస్తారు. దాన్ని మొదటిసారి ఆ రోజే చూస్తే బెదురుతుంది కనుక, అట్టముక్కతో ఒకటి చేసి వారం ముందు నుంచే దాని గుండా ముక్కలు తినిపిస్తూ అలవాటు చేయండి.